యుద్ధానికి వెళ్లొచ్చిన రైతు, ఆ తర్వాత ఎన్నికలు: రుజువులు హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

(ఒక చర్చా వేదికలో వచ్చిన ప్రశ్న, దానికి జవాబులు. ఒక్కో భాగం పైన ఉన్నది అది రాసినవారి మారుపేరు.)

ఊరి పుస్తకం (ప్రశ్న)

పాత నల్లగొండ జిల్లాలోని ఒక ఊరి చరిత్ర పుస్తకం తయారవుతోంది. అందులో ఆ ఊరి రైతు ఒకాయన మీద ఒక అధ్యాయం ఉండాలి. ఆయన లేరు. ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "నిజాం పటాలంల చేరి బర్మా లడాయికి పోయిండు, వాపస్ వచ్చి ఎవుసం చేసిండు, 55ల ఎమ్మెల్యే అయిండు." ఈ మూడింటికీ కాగితం మీద ఆధారం కావాలి.

చేతిలో ఉన్నవి ఇవి. ఆరు మూలల స్టార్ ఒకటి, ముందువైపు బర్మా స్టార్ అని ఇంగ్లీషులో ఉంది, రిబ్బన్ లేదు, వెనక ఏవో సన్నటి అక్షరాలున్నాయి కానీ మసకబారాయి. గుండ్రటి తెల్ల పతకం ఒకటి, ఒకవైపు రాజు తల, రెండోవైపు సింహం. ఉర్దూలో ఉన్న భూమి కాగితం ఒకటి, దాని మీద 1352 ఫస్లీ (నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం), నెల 'తీర్' అని చదివి చెప్పారు. ఇంకా పైభాగం చిరిగిపోయిన ఎన్నికల కరపత్రం, సంవత్సరం లేదు. "కాడెద్దుల గుర్తు గల పెట్టెలో మీ అమూల్యమైన ఓటు వేసి" అన్న వాక్యం మాత్రం స్పష్టంగా ఉంది.

ఎలక్షన్ కమిషన్ సైట్‌లో 1955 కోసం వెతికితే తెలంగాణ నియోజకవర్గమే కనపడలేదు. 1957లో ఆయన పేరు లేదు. పతకాన్ని చింతపండుతో తోమితే అక్షరాలు తేలతాయా? ముందు ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

తిరుమలగిరి

చింతపండు వద్దు, బ్రాసో వద్దు, ముగ్గుపిండి అసలే వద్దు. ఆ అక్షరాలే మీ ఆస్తి. రెండో ప్రపంచ యుద్ధం స్టార్లను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండా ఖాళీగా ఇచ్చారు. మన ఇండియన్ ఆర్మీ వాళ్లకు ఇచ్చినవాటి మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం కొట్టి ఇచ్చారు. ఆ అచ్చు లోతు చాలా తక్కువ. నాలుగుసార్లు తోమితే మొదట పోయేది నంబరులోని సన్న గీతలు. 3, 8 ఒకేలా అయిపోతాయి, 1 మాయమవుతుంది. నంబరు తప్పుపడితే రికార్డు ఆఫీసు నుంచి "మా దగ్గర లేదు" అన్న జవాబే వస్తుంది, అదీ రెండు నెలల తర్వాత.

చదివే పద్ధతి: గదిలో లైట్లు ఆర్పి, పతకాన్ని నల్లగుడ్డ మీద బోర్లా పెట్టి, ఫోన్ టార్చిని పక్కనుంచి దాదాపు టేబుల్ ఎత్తులోనే పట్టుకోండి. పైనుంచి వెలుగు పడితే ఏమీ కనపడదు, పక్కనుంచి పడితే అక్షరాల గాట్లలో నీడ నిలుస్తుంది. టార్చిని నాలుగు దిక్కులకూ తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. అప్పటికీ అనుమానం ఉంటే పల్చటి ట్రేసింగ్ కాగితం వేసి మెత్తటి పెన్సిల్‌తో పడుకోబెట్టి రుద్దండి. గుండ్రటి పతకం వార్ మెడల్. దాని మీద పేరు అంచు మందంలో ఉంటుంది, కాబట్టి నిలబెట్టి తిప్పుతూ చూడాలి. రెండింటి మీదా ఉన్నది ఒకదానితో ఒకటి సరిపోల్చుకోండి. ఒకదాంట్లో అరిగింది రెండోదాంట్లో దొరుకుతుంది.

ఇక అసలు విషయం. తెలంగాణ ఊళ్లో "పటాలంల ఉండె" అంటే నాలుగు అర్థాలు. నిజాం సొంత సైన్యం ఒకటి. సికింద్రాబాద్ బ్రిటిష్ కంటోన్మెంట్ కాబట్టి అక్కడినుంచి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో చేరడం రెండు. నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ మూడు. 1946-51 సాయుధ పోరాటంలో దళం నాలుగు. ఒక్కోదానికి ఒక్కో రికార్డు గది. ఏదో తేల్చుకోకుండా తిరిగితే చెప్పులరగడం తప్ప ఫలితం ఉండదు.

ఇందులో ఎక్కువమంది పడే గుంత 'హైదరాబాద్ రెజిమెంట్' అన్న పేరు. 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ దళం. పేరు ఒకప్పటి హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి వచ్చింది, అంతే. అప్పటికి అందులో కుమావోనీలు, అహీర్లు, జాట్ల లాంటి ఉత్తరాదివాళ్లే. 1945 అక్టోబరులో దాన్ని కుమావోన్ రెజిమెంట్‌గా మార్చేశారు, ఇప్పుడు కేంద్రం రాణీఖేత్. నిజాం సైన్యం నుంచి మలయాకు వెళ్లింది వేరే దళం, 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. 1941 డిసెంబరు 7-8 రాత్రి జపాన్ వాళ్లు కోటా భారు ఒడ్డున దిగినప్పుడు అక్కడి విమానాశ్రయం కాపలాలో ఉన్నది వీళ్లు.

మీ దగ్గర ఉన్న స్టారే దీన్ని సగం తేల్చేస్తుంది. మలయా, సింగపూర్‌లో పోరాడి 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయిన దళాలవాళ్లకు వచ్చేది పసిఫిక్ స్టార్. బర్మా స్టార్ కాదు. అంటే ఈయన కోటా భారు మనిషి అయ్యే అవకాశం తక్కువ. ఇంకోటి కూడా రాసుకోండి: బర్మా స్టార్ ఉన్నంత మాత్రాన బర్మా నేల తొక్కారని కాదు. అస్సాం, బెంగాల్‌లో నిర్ణయించిన ప్రాంతాల్లో పనిచేసినవాళ్లకూ అదే ఇచ్చారు. పుస్తకంలో "బర్మా అడవుల్లో వీరోచితంగా" అని రాసేముందు యూనిట్ తెలియాలి.

వెనక ఏముందో చదివి ఇక్కడ పెట్టండి. పేరు, నంబరు పెట్టకండి. ర్యాంకు, చివర ఉన్న దళం పొట్టి అక్షరాలు చాలు.

చిక్కడపల్లి

కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ సైట్‌లో పేరు కొట్టి చూడండి, ఒక్క నిమిషం పని. భారత సైనికులందరి వివరాలూ అందులో ఉన్నాయి.

తిరుమలగిరి

అందరివీ కాదు. యుద్ధంలో చనిపోయినవాళ్లవి మాత్రమే. ఈయన ఇంటికొచ్చి ఎన్నికల్లో నిలబడ్డారు కదా. అదే పేరుతో ఇంకెవరో దొరికితే ఆ తండ్రి పేరు, ఆ రెజిమెంటు ఈయనకు అంటగట్టే ప్రమాదం ఉంది. అలా అచ్చయిన ఊరి పుస్తకాలు ఉన్నాయి కూడా.

సేత్వార్

భూమి కాగితం సంగతి నేను చెప్తాను. ముందు తేదీ.

ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం అని అందరూ చెప్తారు. సగం నిజం. నిజాం ఇలాకాలో ఫస్లీ సంవత్సరం ఆజూర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలయ్యేది. ఆజూర్, దై నెలలకు 590 కలపాలి. బహమన్ డిసెంబరు, జనవరి మధ్య పడుతుంది కాబట్టి తేదీ చూడాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి. తీర్ ఎనిమిదో నెల. కాబట్టి మీ కాగితం 1942 కాదు, 1943 మే, జూన్ ప్రాంతం. సర్కారు జిల్లాల (కోస్తా ఆంధ్ర) ఫస్లీ జూలై 1న మొదలయ్యేది. ఇంటర్నెట్‌లో దొరికే మార్పిడి పట్టికలు చాలావరకు ఆ లెక్కవే. వాటితో నల్లగొండ కాగితం చదివితే మూడు నెలలు అటూ ఇటూ అవుతుంది. సైనికుడి విషయంలో మూడు నెలలంటే చేరకముందా, చేరినంకనా అన్నంత తేడా.

కాగితంలో రెండు పేర్లు వేరువేరు చోట్ల ఉంటాయి చూడండి: పట్టాదారు (భూమి ఎవరి పేరున ఉందో), కాస్తుదారు (దున్నేది ఎవరో). 1943 నాటికి ఆయన పటాలంలో ఉంటే పట్టా ఆయన పేరునే ఉన్నా దున్నేది అన్నో తమ్ముడో అయి ఉంటాడు. పట్టా అసలు ఆయన పేరున కాక పెద్దన్న పేరున కూడా ఉండొచ్చు, ఉమ్మడి కుటుంబాల్లో అదే మామూలు. పేరు లేకపోతే భూమి లేదని కాదు. ఉర్దూలో 'వల్ద్' అన్న మాట తర్వాత వచ్చేది తండ్రి పేరు. చదివేవాళ్లు తెలుగు పేర్లు తెలిసినవాళ్లు అయి ఉండాలి. ఉర్దూ రాతలో చిన్న అచ్చులు రాయరు, పట్వారీ చేతిరాత శికస్తా (గొలుసుకట్టు రాత) అయితే చుక్కలు కూడా ఎగిరిపోతాయి. నర్సయ్య, నర్సింహ, నారాయణ మూడూ దాదాపు ఒకేలా కనపడతాయి. ఉర్దూ బాగా వచ్చి తెలుగు పేర్లు తెలియని మనిషి చదివితే ఇంటిపేరు ఒంటిపేరులో కలిసిపోతుంది. ఇద్దరిచేత విడివిడిగా చదివించి, తేడా వచ్చిన మాటల దగ్గర ఆగండి.

యుద్ధం నుంచి వచ్చి వ్యవసాయం చేశారన్నదానికి బలమైన కాగితం 1954-55 ఖాస్రా పహాణీ. అప్పుడు ఊరూరా పొలం పొలం తిరిగి రాసిన రికార్డు అది. ఇప్పటికీ తెలంగాణలో భూమి తగాదా వస్తే కోర్టులో మొదట అడిగేది దాన్నే. సర్వే నంబరు, విస్తీర్ణం ఎకరాలు గుంటల్లో (40 గుంటలు ఒక ఎకరం), తరియా (మాగాణి) ఖుష్కియా (మెట్ట), పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరు, ఏ హక్కుతో అన్నవి అందులో ఉంటాయి. ఆయన పేరు పట్టాలోనూ కబ్జాలోనూ ఉంటే స్వయంగా కాస్తు చేసినట్టు. కబ్జా గడిలో రక్షిత కౌలుదారు పేరు ఉంటే ఆయన భూస్వామే కానీ సాగు వేరేవాళ్లది. 1950 హైదరాబాద్ కౌలు చట్టం కింద వచ్చిన హక్కు అది. 'రైతు' అని రాయాలా 'భూస్వామి' అని రాయాలా అన్నది ఈ ఒక్క గడి తేలుస్తుంది. కుటుంబం వాళ్లకు నచ్చినా నచ్చకపోయినా.

ఎలా తెచ్చుకోవాలి: ముందు సర్వే నంబర్లు రాబట్టండి. కుటుంబం దగ్గర పాస్‌బుక్కు ఉంటే అందులోనే ఉంటాయి. ఇప్పటి నంబరు 127/అ/2 లాగా ఉంటే పాత నంబరు 127 మాత్రమే, మిగతావి తర్వాత పంపకాల్లో పుట్టిన బై నంబర్లు. తర్వాత తహసీల్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, మీసేవలో కూడా పెట్టొచ్చు. దరఖాస్తులో "భూమి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఇప్పటి ఆన్‌లైన్ ప్రింటు తీసి చేతిలో పెడతారు. "1954-55 ఖాస్రా పహాణీ నకలు, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లు" అని అదే మాటలతో రాయాలి. దానికంటే వెనక్కి పోవాలంటే సేత్వార్ (సర్వే తర్వాత రాసిన మూల రిజిస్టరు), వసూల్ బాకీ (శిస్తు వసూలు, బాకీల రిజిస్టరు) అడగాలి. పాత సర్వే రికార్డు తహసీల్‌లో దొరకకపోతే నారాయణగూడలోని సర్వే సెటిల్‌మెంట్ ఆఫీసు చూడాలి.

ఇక్కడ జరిగే పొరపాటు ఏంటంటే, ఊరు ఇప్పుడు ఉన్న మండలానికి పోయి అడగడం. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబరులో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. దస్త్రాల మూటలు అన్నీ ఊళ్లతోపాటు కదల్లేదు. కొన్ని పాత తాలూకా కేంద్రంలోనే, కొన్ని నల్లగొండ కలెక్టరేట్ రికార్డు రూములో ఉండిపోయాయి. 1954లో ఆ ఊరు ఏ తాలూకా కిందో కనుక్కొని అటునుంచి నరుక్కురండి.

కాగితం మీద డబ్బు లెక్క ఉంటే హాలీ సిక్కానా (నిజాం రూపాయి), కల్దారా (బ్రిటిష్ ఇండియా రూపాయి) చూడండి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ జీతం కల్దార్‌లో. ఒకే ఇంటి పద్దులో రెండూ కనపడితే ఇంటికి బయటి డబ్బు వస్తున్నట్టు ఒక చిన్న సూచన. రుజువు మాత్రం కాదు.

కాడి మేడి

ఎన్నికల వైపు చూద్దాం. 1955లో తెలంగాణలో అసెంబ్లీ ఎన్నికలు జరగనే లేదు. జరిగింది ఆంధ్ర రాష్ట్రంలో, 196 స్థానాలకు మధ్యంతరం. ఇక్కడ 1952లో హైదరాబాద్ శాసనసభకు, ఆ తర్వాత 1957లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు. 57లో కూడా తెలంగాణలోని 105 స్థానాలకే ఓటింగ్. ఆంధ్రవాళ్లు 55లో గెలిచినవాళ్లతోనే కొనసాగారు. రెండు ప్రాంతాలూ కలిసి ఓటేసిన మొదటి అసెంబ్లీ ఎన్నిక 1962. కాబట్టి "55ల ఎమ్మెల్యే" అన్నది ఎలా చూసినా కుదరదు, ఉప ఎన్నిక అయితే తప్ప. ఉప ఎన్నికలు ప్రధాన గణాంక నివేదికలో ఉండవు, విడిగా చూడాలి.

కరపత్రం మాత్రం బంగారం. కాడెద్దులు కాంగ్రెస్ గుర్తు, 1969 చీలిక దాకా. అంటే చివరి సాధారణ ఎన్నిక 1967. అయితే మీ వాక్యంలో అసలు మాట 'గుర్తు' కాదు, 'పెట్టెలో'. 1952, 1957 ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద గుర్తు అంటించి ఉండేది, ఓటరు తెర వెనక్కి పోయి తనకు నచ్చిన పెట్టెలో చీటీ వేసి వచ్చేవాడు. చీటీ మీద ముద్ర లేదు, గీత లేదు. ఒకే బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసే పద్ధతి సాధారణ ఎన్నికల్లో దేశమంతా వచ్చింది 1962లో. కాబట్టి "గుర్తు గల పెట్టెలో ఓటు" అని అచ్చయిన కరపత్రం 1952దో 1957దో. 62 తర్వాతదైతే "గుర్తుపై ముద్ర వేసి" అని ఉండేది. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు కనుక అదీ కాదు.

57లో పేరు లేదన్నారు. మరి 52 చూశారా? చాలామందికి దొరకదు, ఎందుకంటే అది ఎలక్షన్ కమిషన్ సైట్‌లో ఆంధ్రప్రదేశ్ కిందా ఉండదు, తెలంగాణ కిందా ఉండదు. రాష్ట్రం 'హైదరాబాద్', సంవత్సరం '1951' అని ఉంటుంది. ఆ జాబితాలో గెలిచినవాళ్లే కాదు, ఓడినవాళ్లందరి పేర్లూ ఓట్లూ ఉంటాయి. వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకండి. స్పెల్లింగ్ వాళ్లిష్టం: నర్సింహ, నరసింహ, నర్సింగ్; ఇంటిపేరు ఒక్క అక్షరంగానో, రెండక్షరాలుగానో ఉంటుంది. నియోజకవర్గం పట్టుకొని పేర్లన్నీ కంటితో చదవడమే దారి. నియోజకవర్గం పేరు కూడా ఇప్పటిది కాకపోవచ్చు, చుట్టుపక్కల తాలూకా పేర్లన్నీ చూడండి.

చదివేటప్పుడు ఒక తిరకాసు ఉంది. 1952లో హైదరాబాద్ అసెంబ్లీకి 175 స్థానాలు, నియోజకవర్గాలు 142 మాత్రమే. 33 చోట్ల ఇద్దరేసి సభ్యులు. ద్విసభ్య నియోజకవర్గంలో ఓటరుకు రెండు ఓట్లు. ఒక సీటు రిజర్వుడు, ముందు దానికి రిజర్వుడు అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లను తేల్చి, తర్వాత మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవాళ్లను రెండో సీటుకు ప్రకటించేవారు. కాబట్టి జాబితాలో రెండో స్థానం కనపడింది కదా అని గెలిచారనుకోవద్దు, మూడో స్థానంవాళ్లు గెలిచి ఉండొచ్చు. మొత్తం ఓట్లను ఓటర్ల సంఖ్యతో భాగించి శాతాలు వేయకండి, లెక్క తప్పుతుంది. ఈ ద్విసభ్య పద్ధతి 1961లో పోయింది.

ఇంకో సంగతి. నల్లగొండ జిల్లాలో 52లో కాంగ్రెస్ అభ్యర్థి అంటే ఎదురీత. కమ్యూనిస్టులు పీడీఎఫ్, అంటే ప్రజాస్వామ్య సంఘటన పేరున పోటీ చేసి ఆ జిల్లాను ఊడ్చేశారు. లోక్‌సభకు అక్కడినుంచే నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. రాష్ట్రం మొత్తంలో కాంగ్రెస్‌కు 93, పీడీఎఫ్‌కు 42. మీ మనిషి ఓడినవాళ్ల జాబితాలో ఉండటానికే ఎక్కువ ఆస్కారం. ఓడిన అభ్యర్థిని ఊరు ఎమ్మెల్యే అనడం వింతేం కాదు, తెలంగాణలో ఒకసారి నామినేషన్ వేసినవాళ్లను జీవితాంతం అలాగే పిలిచే ఊళ్లు బోలెడు.

అసలు అభ్యర్థి ఆయనేనా అన్నదీ చూడాలి. కరపత్రం కింద 'ఇట్లు' తర్వాత పేర్లుంటే ఆయన ఓటు అడిగినవాడు కావచ్చు, అభ్యర్థి కాకపోవచ్చు. అట్టడుగున ప్రెస్ పేరు, ఊరు ఉంటుంది. అది ఉంచాలని 1867 నాటి ప్రెస్ చట్టం చెప్పేది. చిరిగింది పైభాగమే కాబట్టి మీకు దొరకాలి.

పాత పేపర్లు

కాడి మేడి గారికి చిన్న చేర్పు. గెలిచారని తేలితేనే శాసనసభ లైబ్రరీకి వెళ్లండి. అక్కడ సభ్యుల పరిచయ గ్రంథం, చర్చల సంపుటాలు చూడాలి. పరిచయంలో వృత్తి గడిలో 'వ్యవసాయం' అని ఉంటే మురిసిపోవద్దు, ఆ రోజుల్లో వకీలు కానివాళ్లంతా వ్యవసాయమే రాయించుకున్నారు. ఖాస్రా పహాణీదే పైచేయి.

ఓడితే పత్రికలే గతి. నామినేషన్లు, ఉపసంహరణలు, ఫలితాలు జిల్లా వార్తల్లో వస్తాయి. గోలకొండ పత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక చూడండి. సుల్తాన్‌బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. ఈ మూడు చోట్లా ముందు ఫోన్ చేసి ఏ సంవత్సరాల బైండ్లు బయటికిస్తారో కనుక్కోండి, విరిగిపోతున్న బైండ్లు ఇవ్వరు. 1952 జనవరి, ఫిబ్రవరి అని రెండు నెలలకు పరిమితం చేసుకుంటే ఒక పూటలో అయిపోతుంది. అంతకుమించి "యుద్ధం వార్తలు కూడా చూద్దాం" అని మొదలుపెడితే తెమలదు, ఒక సాధారణ సిపాయి పేరు పేపర్లో రాదు.

ఊరి పుస్తకం

అందరికీ ధన్యవాదాలు. రెండు విషయాలు తేలాయి.

స్టార్ వెనక పక్కనుంచి టార్చి వేసి చూస్తే నంబరు, తర్వాత ఎన్.కె., తర్వాత పేరు, చివర ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది. నంబరులో ఒక అంకె అనుమానంగా ఉండింది, వార్ మెడల్ అంచు మీద స్పష్టంగా దొరికింది.

హైదరాబాద్ 1951 జాబితాలో పేరు ఉంది. కాంగ్రెస్ తరఫున, ద్విసభ్య నియోజకవర్గం, ఓడినవాళ్లలో. ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంది కాబట్టి మొదట కంటికి ఆనలేదు.

ఇప్పుడు మిలిటరీ రికార్డుకు ఉత్తరం ఎవరికి, ఏమని రాయాలి? 55 సంగతి అలాగే ఉండిపోయింది.

తిరుమలగిరి

ఎన్.కె. అంటే నాయక్. దళం రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, ఇప్పటి ఏఎస్‌సీ. అంటే నిజాం పటాలం కాదు, బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ. పని రవాణా, రేషన్లు: లారీలు, కంచరగాడిదలు, పెట్రోలు, విమానాల్లోంచి జారవిడిచే సరుకు. బర్మా రంగంలోని బ్రిటిష్ 14వ సైన్యం ఇంఫాల్ నుంచి రంగూన్ దాకా తిని, కాల్చి, నడిచిందంటే వీళ్లు మోసినదాని మీదే. దీన్ని 'తుపాకి పట్టలేదు' అని తక్కువ చేసి రాయకండి, ఎక్కువ చేసీ రాయకండి.

తార్నాక స్టేట్ ఆర్కైవ్స్‌కు ఈ పని మీద పోనక్కర్లేదు. నిజాం సైన్యం అయితే అక్కడికే పంపేవాణ్ని. లండన్‌కు రాయడం కూడా వద్దు, మన సిపాయిల సర్వీసు రికార్డులు ఇక్కడే ఉండిపోయాయి. బెంగళూరులోని ఏఎస్‌సీ రికార్డ్స్ (సౌత్)కు రాయండి.

ఇక్కడ ఒక కిటుకు ఉంది. "సర్వీసు ఫైలు ఇవ్వండి" అని అడిగితే లేదనే చెప్తారు, అది అబద్ధమూ కాదు. పెన్షన్ లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు కాగితాలను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేయాలని ఆర్మీ నిబంధన. సిపాయికి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ల సర్వీసు కావాలి. యుద్ధం కోసం చేరి 1946 ప్రాంతంలో ఇంటికొచ్చినవాళ్లకు అది ఉండదు. మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరు. అందులో మనిషికి ఒక వరుస: నంబరు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, కారణం లాంటివి. కాబట్టి ఉత్తరంలో "లాంగ్ రోల్ ఎక్స్‌ట్రాక్ట్" అన్న మాట ఉండి తీరాలి.

ఉత్తరంలో రాయాల్సినవి: పతకం మీద ఉన్నట్టే నంబరు, ర్యాంకు, పేరు (స్పెల్లింగ్ మీరు సరిదిద్దొద్దు), తండ్రి పేరు, అప్పటి చిరునామా. ఇప్పటి జిల్లా కాదు, 'గ్రామం, తాలూకా, నల్లగొండ జిల్లా, హైదరాబాద్ స్టేట్'. పతకం వెనక ఫొటో, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుడి గుర్తింపు జత చేయండి. సంతకం ఊరి పుస్తకం కమిటీది కాకుండా కొడుకుదో మనవడిదో అయితే మంచిది, బయటివాళ్లు అడిగితే వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపుతారు. మామూలు ఉత్తరానికి జవాబు రాకపోతే ఆర్టీఐ: పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు, ఆన్‌లైన్‌లో కుదురుతుంది. 20 ఏళ్లు దాటిన విషయానికి సెక్షన్ 8(3) ఉందని అందులోనే రాసేయండి.

అదే సమయంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అడగండి. రెండో ప్రపంచ యుద్ధం మాజీ సైనికులకు, వాళ్ల భార్యలకు నెలవారీ సాయం ఉండేది. ఆయన గానీ ఆమె గానీ తీసుకుని ఉంటే డిశ్చార్జి సర్టిఫికెట్ నకలు ఆ ఫైల్లో ఉంటుంది. డిశ్చార్జి కాగితం మీద ఆ మనిషి పనిచేసిన కంపెనీ నంబరు ఉంటే అదృష్టం. కంపెనీ తెలిస్తే ఆ యూనిట్ యుద్ధ డైరీ లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 172 వరుసలో వెతకొచ్చు. ఆగ్నేయాసియా దళాల డైరీలు అవే. కంపెనీ నంబరు లేకుండా ఆ వరుస తెరవొద్దు, సముద్రం.

సేత్వార్

పట్వారీ కాగితం 1943 మే, జూన్ అని తేలింది కదా. లాంగ్ రోల్‌లో చేరిన తేదీ వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టండి. చేరిన తేదీ అంతకుముందే అయి, కాగితంలో కాస్తుదారుగా కూడా ఆయన పేరే ఉంటే కంగారు పడొద్దు. పట్వారీలు ఏటా పొలానికి పోయి రాసేవారు కాదు, నిరుటి పేరే దించేవారు. పహాణీలో పేరు ఉంది కాబట్టి ఆయన ఊళ్లోనే ఉన్నాడు అన్న వాదన ఎవరైనా తెస్తే నిలవదు.

మాజీ సైనికుల కోటాలో భూమి వచ్చిందేమో కూడా అడగండి. అలా వచ్చిన భూమి అసైన్డ్ రిజిస్టరులో (సర్కారు ఇచ్చిన భూముల జాబితా) ఉంటుంది, వారసత్వ పట్టాతో కలిపి "ఇంత ఆస్తిపరుడు" అని లెక్క కట్టేయకండి.

కాడి మేడి

55 గురించి. సమితి ప్రెసిడెంటు అనుకుందామంటే పంచాయతీ సమితులు వచ్చిందే 1959 చట్టంతో. కాబట్టి అదీ కాదు. మిగిలింది గ్రామ పంచాయతీ. ఊరి పంచాయతీ ఆఫీసులో పాత తీర్మానాల పుస్తకాలు చూడండి. తీర్మానం కింద అధ్యక్షుడి సంతకం ఉంటుంది, తేదీ ఉంటుంది. చాలా ఊళ్లలో బీరువా పైన ఎర్రగుడ్డ మూటలో పడి ఉంటాయవి. కార్యదర్శి లేవంటే జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. సంతకం తెలుగులోనా ఉర్దూలోనా అన్నదీ గమనించండి, కరపత్రం మీద సంతకం ఉంటే పోల్చడానికి పనికొస్తుంది.

అది దొరికేదాకా పుస్తకంలో "1952లో హైదరాబాద్ శాసనసభకు కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీ చేశారు" అన్నంతవరకు రాసి, 55ను ఊరి మాటగా ఊరి మాటల్లోనే ఉంచండి.

ఊరి పుస్తకం

బెంగళూరుకు ఉత్తరం మనవడి సంతకంతో ఈ సోమవారం వెళ్తోంది. తీర్మానాల పుస్తకం కోసం పంచాయతీలో అడిగాం. బీరువా తాళంచెవి పాత కార్యదర్శి దగ్గర ఉందట.

తిరుమలగిరి

ఉత్తరం స్పీడ్ పోస్టులో వేసి, ట్రాకింగ్ నంబరు దాచుకోండి. నంబరులో ఆ అనుమానం అంకె వార్ మెడల్ మీద ఉన్నట్టే రాశారు కదా, స్టార్ మీద కనపడేదాన్ని కూడా పక్కన "లేదా" అని రాయండి. గుమస్తా ఒక్కసారే రిజిస్టరు తీస్తాడు.